బిల్లులు చూపిన దారి

రఘునందన్ ఫోన్ పెట్టేసి చాలాసేపైంది. ధరణి మాత్రం సెల్లు చెవి దగ్గరే పట్టుకుని, ఎదురుగా గోడ మీదున్న ఎరువుల కంపెనీ క్యాలెండరు వైపు చూస్తూ కూర్చుండిపోయింది.

ఆయన మామూలుగానే మాట్లాడాడు. గుండ్లపోచంపల్లిలో గోదాములున్న ఆసామి ఆయన. దెబ్బలు తాళలేక ఇల్లు వదిలి వచ్చిన ఆడవాళ్లకు తలదాచుకునే చోటిచ్చే 'మన గడప' ట్రస్టుకు ఏటా బియ్యం, కందిపప్పు పంపే దాత. తమ సాయం ఎలా ఖర్చవుతోందో దాతలే చూసుకోవచ్చునని ట్రస్టు తన లెక్కల సాఫ్ట్‌వేర్‌లో వాళ్లకు తలా ఒక లాగిన్ ఇచ్చింది. రఘునందన్ లాగిన్‌తో ఎవరో కొన్ని వారాలుగా మిగతా పద్దులన్నీ వదిలేసి, ఆడవాళ్లుండే ఇంటి ఖర్చులొక్కటే పదే పదే తెరుస్తున్నారని ధరణి కంటపడింది. ఎందుకో కనుక్కుందామని ఫోన్ చేసింది.

"నాకు గా కంప్యూటర్లు ఏం తెలుస్తయమ్మా," అని నవ్వాడాయన. "పాస్‌వర్డు మా గోదాం మేనేజర్‌కిచ్చిన. మస్తు నమ్మకస్తుడు. ఒక్క బస్తా అటిటు కానియ్యడు. వీరేందర్ అని."

ఆ పేరు ఆమెకు కొత్త కాదు. వకీలు ఫీజు కట్టినప్పుడు పద్దు పక్కన వివరం రాసే గడిలో తనే టైపు చేసింది: పూజ, భర్త వీరేందర్, గృహహింస కేసు. ఈ చుట్టుపక్కల వీరేందర్ పేరున్నవాళ్లు బోలెడంతమంది ఉంటారని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకుంటూనే కోర్టులో వేసిన దరఖాస్తు నకలు వెతికి తీసింది. ప్రతివాది వృత్తి అన్నచోట 'గోదాం మేనేజర్, గుండ్లపోచంపల్లి' అని ఉంది.

నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. ధరణికి వీపంతా చెమట పట్టింది.

ట్రస్టు ఆఫీసు మేడ్చల్ బస్టాండు దగ్గర, ఎరువుల దుకాణం పైనున్న ఒంటి గది. ఆడవాళ్లుండే ఇల్లు వేరేచోట ఉంది. ఎక్కడుందో ట్రస్టు వాళ్లలో ఇద్దరికే తెలుసు. ట్రస్టును స్థాపించి ఆ ఇంట్లోనే ఉంటున్న వజ్రమ్మకు, కేసులు చూసే వకీలు తృప్తికి. లెక్కలు రాసే ధరణికి కూడా చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన రోజునే వజ్రమ్మ ఆ సంగతి తేల్చేసింది. "తెల్వకపోతే నీకే మంచిది బిడ్డా. తెల్వనోళ్లను కొట్టినా చెప్పలేరు."

ధరణి నొచ్చుకోలేదు. భర్త ఫణిభూషణ్‌కు తుర్కపల్లిలోని మందుల ల్యాబులో ఉద్యోగం వచ్చి, తెనాలి నుంచి గుండ్లపోచంపల్లి కాలనీకి మారాక, ఖాళీగా కూర్చోలేక ఈ పనిలో చేరింది. పెళ్లికి ముందు ఆడిటర్ దగ్గర పనిచేసిన మనిషి. ఆమె వచ్చేసరికి ట్రస్టు బిల్లులన్నీ ఒక అట్టపెట్టెలో కుక్కి ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత ట్రస్టుకు లేదు. అంతకుముందు స్వచ్ఛందంగా పనిచేసి బెంగళూరు వెళ్లిపోయిన సాయినాథ్ అనే ఇంజినీరు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికేదాన్ని వెతికి పెట్టి వెళ్లాడు. ఎక్కడి నుంచైనా తెరవొచ్చు, ఫోన్లోనూ చూడొచ్చు. దాతలకు లాగిన్లు ఇవ్వడం అతని ఆలోచనే. ధరణి దాన్ని ముద్దు చేసి పెంచింది. ఒక్కొక్క బిల్లునూ ఫొటో తీసి ఎక్కించింది. ప్రతి ఖర్చుకూ ఎవరి కోసం, ఎందుకు, ఎక్కడ అన్నది వివరంగా రాసింది. ఇంత శుభ్రమైన లెక్కలు ఏ స్వచ్ఛంద సంస్థలోనూ చూడలేదని ఆడిటర్ మెచ్చుకుంటే, ఆ మాట ఇంటికి వెళ్లి అత్తగారికీ మామగారికీ కూడా చెప్పుకుంది.

ఇప్పుడు ఆ లెక్కలన్నీ ఎవరు చదువుతున్నారో తెలిసింది.

వజ్రమ్మకు ఫోన్ చేసింది. రెండో రింగుకే ఎత్తింది ఆమె.

"వజ్రమ్మగారూ, పూజ విషయం ఒకటి..."

"ఫోన్ల ఇంట్లోళ్ల పేర్లు తియ్యొద్దని ఎన్నిసార్లు చెప్పిన ధరణీ. రేపు ఆఫీసుకొస్త గద. అప్పుడు మాట్లాడుకుందాం."

"అది కాదండీ, ఒక్క నిమిషం వినండి..."

లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. ఎవరైనా కట్టు తప్పితే వజ్రమ్మ చేసే పని అదే. తృప్తికి చేసింది. కోర్టులో ఉందేమో, మోగి మోగి ఆగిపోయింది. జరిగింది రెండు వాక్యాల్లో మెసేజి పెట్టింది. పోలీసులకు చేద్దామని వంద నంబరు నొక్కబోయి ఆగింది. ఏ ఊరమ్మా, ఏ ఇల్లమ్మా అని అడిగితే తన దగ్గర జవాబు లేదు.

కనీసం వాడి లాగిన్ తీసేద్దామనుకుంది. మౌసు మీద వేలు పెట్టాక ఇంకో సంగతి గుర్తొచ్చింది. రిపోర్టులు ఎవరెప్పుడు దించుకున్నారో సాఫ్ట్‌వేర్ రాసి పెడుతుంది. రఘునందన్ పేరు ఎదురుగా చూస్తే, వీరేందర్ ఆ ఇంటి ఖర్చులన్నీ ఎప్పుడో దింపేసుకున్నాడు. ఇప్పుడు తలుపు మూస్తే పోయినవి తిరిగి రావు. తాము కనిపెట్టామని మాత్రం వాడికి తెలిసిపోతుంది. వారాల తరబడి ఓపిగ్గా చదువుతున్నవాడు అప్పుడింక ఆగడు.

అసలు వాడికి ఎంతవరకు తెలిసి ఉంటుంది?

ధరణి వేలు తీసేసి, వాడు తెరిచిన పేజీలే వరసగా తెరిచింది. ఆ లెక్కలు రాసింది తానని మర్చిపోయి, ఒక ఆడమనిషినీ ఒక పసిపిల్లనూ వెతుక్కుంటూ వచ్చినవాడిలా చదవడం మొదలుపెట్టింది.

పాల బిల్లు. దాని నెత్తిన పాలకేంద్రం పేరు, కింద ఊరి పేరు. షామీర్‌పేట దాటాక తుర్కపల్లి వెళ్లే తోవలో, పెద్దరోడ్డుకు లోపలగా ఉండే పల్లె. స్కూలు వ్యాను రసీదు. వివరం గడిలో తన రాత: 'వర్ష, పూజ కూతురు, ఒకటో తరగతి. వ్యాను గిర్నీ దగ్గర ఎక్కించుకుంటుంది.' బోరు మోటారు బాగుచేసిన మెకానిక్ చీటీ. దాని మీద ఆ మెకానిక్ వంకర రాతలో 'గిర్నీ ఎనక సందు, డాబా ఇల్లు'.

ఆ కుర్చీలోంచి లేవకుండానే ధరణి ఆ ఊరు చేరింది, గిర్నీ అనే ఆ పిండిమర దాకా నడిచింది, సందు మలుపు తిరిగింది. తనకు ఎవరూ చెప్పని ఇంటికి తన రాతలే తనను తీసుకెళ్లాయి. లేచి కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. కింద బస్టాండులో జనం ఎండకు తలల మీద కొంగులు, తువ్వాళ్లు కప్పుకుని బస్సుల కోసం చూస్తున్నారు.

వజ్రమ్మను అడగకుండా ఆ ఇంటి గుట్టు పోలీసులకైనా చెప్పడానికి మనసొప్పలేదు. లాప్‌టాపు సంచిలో పెట్టుకుని, గదికి తాళం వేసి, స్కూటీ తీసింది.

* * *

ఒంటిపూట బడులు మొదలైన రోజులు. తెల్ల యూనిఫారాల పిల్లలు గుంపులుగా రోడ్డు దాటుతున్నారు. వాళ్లను చూసినప్పుడల్లా ధరణికి వర్ష గుర్తొస్తోంది. ఆ పిల్లను ఆమె ఒక్కసారే చూసింది. తల్లి కోర్టు కాగితాల మీద సంతకాలు పెడుతుంటే, ఆఫీసు మూల కూర్చుని స్టాంపు ప్యాడు మీద వేళ్లు అద్ది తెల్లకాగితం నిండా వేలిముద్రలు వేసుకుంది.

షామీర్‌పేట చెరువు మీది గాలి కూడా వేడిగా కొట్టింది. తుర్కపల్లి వైపు కంపెనీ క్యాబులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. వాటిలో ఏదో ఒకదాంట్లో ఫణిభూషణ్ ఉంటే బాగుండును, చేయెత్తి ఆపి పక్కన కూర్చోబెట్టుకుందును అనిపించింది. అద్దంలో వెనక్కి చూసుకుంది. లారీ, బైకులు, ట్రాలీ ఆటో, ఒకటి రెండు కార్లు. వీటిలో ఎవరు ఎవరో ఏం తెలుస్తుంది. వీరేందర్ ఎలా ఉంటాడో తనకు తెలియదు. వాడికి తన పేరు, తన సంతకం, తను రాసిన ప్రతి అక్షరం తెలుసు.

ఊళ్లోకి తిరిగాక ఎవరినీ ఏమీ అడగాల్సిన పని పడలేదు. పాలకేంద్రం కనిపించింది. అక్కణ్ణుంచి పిండిమర చప్పుడు వినిపించింది. గిర్నీ వెనక సందులోకి స్కూటీ తిప్పింది. అటూ ఇటూ డాబా ఇళ్లే. అన్నింటికీ మనిషెత్తు రేకు గేట్లే. ఏది కావచ్చునా అని సందు మధ్యలో బండి ఆపి, హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని నిలబడింది.

ఎడమవైపు గేటు కిర్రుమంది. ఒక చేయి బయటకొచ్చి ఆమె భుజం పట్టుకుని లోపలికి లాగింది.

వజ్రమ్మ స్కూటీని కూడా లోపలికి తోసుకొచ్చింది. గడియ పెట్టింది. దాని మీద ఇంకో అడ్డగడియ వేసింది. అప్పుడు తిరిగింది. ఆర్టీసీలో ఏళ్ల తరబడి కండక్టరుగా చేసిన మనిషి. కిక్కిరిసిన బస్సులో చివరి సీటు దాకా వినిపించే గొంతు ఆమెది. ఇప్పుడు ఆ గొంతు పూర్తిగా కిందికి దిగిపోయింది.

"మిద్దె మీద బట్టలు తీస్తుంటే కనిపించినవ్. ఎవరు చెప్పిన్రు నీకు ఈ ఇల్లు?"

"ఎవరూ చెప్పలేదండీ."

"ధరణీ, నా తోటి ఆటలొద్దు. తృప్తి మేడం చెప్పిందా?"

"ఎవరూ చెప్పలేదు వజ్రమ్మగారూ. మన లెక్కలు చూసి వచ్చాను. పాల బిల్లు, మోటారు మెకానిక్ చీటీ, వ్యాను రసీదు. అన్నీ చూస్తే దారి తెలిసిపోయింది." ఒక అడుగు ముందుకు వేసింది. "నాకే కాదండీ. పూజ భర్తకు కూడా. వాడు రఘునందన్ గారి దగ్గర మేనేజరట. ఆయన లాగిన్ వాడి దగ్గరుంది. మన లెక్కలు చూస్తున్నది వాడేనండీ."

వజ్రమ్మకు మొదట అర్థం కాలేదు. ధరణి ఫోన్ తీసి చూపించింది. ఇది బిల్లు, ఇది నేను రాసిన వివరం, ఇది వాడు దించుకున్న తేదీ. వజ్రమ్మ కళ్లద్దాలు పైకి నెట్టి, తెర మీది అక్షరాలను వేలితో తడుముతున్నట్లు ఒక్కొక్కటే చదివింది. చదవడం అయ్యాక అరుగు మీద కూలబడింది.

"అంటే," అంది, "నేను నోరు కుట్టుకోని కూసుంటే, నువ్వు ఊరందరికి చాటింపు ఏసినవ్."

"ఖర్చుకు వివరం ఉండాలండీ. లేకపోతే ఆడిటర్ ఒప్పుకోడు, దాతలు నమ్మరు. అందుకే..."

"వివరం ఉండాలె. వద్దంటలేను." వజ్రమ్మ ఆమె మొహంలోకి చూడలేదు. గేటు వైపే చూస్తోంది. "నేను బస్సుల టికెట్టు కొట్టేటప్పుడు ఏ స్టేజీల దిగుతరో కొట్టిన. దిగి ఎవరింటికి పోతున్నరో కొట్టలే."

ధరణి నిలబడ్డచోటే నిలబడి, చేతిలో హెల్మెట్ బెల్టును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. వజ్రమ్మ తిట్టి ఉంటే కొంత నయంగా ఉండేది.

"ఆయనేనా అక్కా?"

గుమ్మంలో పూజ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో. సన్నటి మనిషి. చేతిలో సగం తరిగిన బెండకాయ, చాకు అలాగే ఉన్నాయి. ఇంట్లో ఉండే మిగతా ఆడవాళ్లు పనులకు పోయారు. ఈ పూట ఇంట్లో ఉన్నది వజ్రమ్మ, పూజ, బడి నుంచి వచ్చి లోపల చాప మీద నిద్రపోతున్న వర్ష. అంతే.

"ఆయనే," అంది ధరణి.

పూజ బెండకాయను, చాకును జాగ్రత్తగా కిటికీలో పెట్టింది. చీర కొంగుకు చేతులు తుడుచుకుంది.

"బిల్లులు చూసుడంటే ఆయనకు మస్తు ఇష్టమక్కా," అంది నెమ్మదిగా. "గోదాంల ఏ లారీ ఏడికెల్లొచ్చింది, డ్రైవరు ఏడ ఆగిండు, చాయ్ ఏడ తాగిండు, అన్ని చీటీలు చూసే చెప్తడు. ఇంట్ల గూడ అంతే. నేను దుకాణానికి పోయొస్తే చీటీ చూపియ్యాలె. చీటీ మీద టైము చూస్తడు. ఇంటికొచ్చిన టైము చూస్తడు. నడుమ ఏమన్న మిగిలితే, అప్పుడు కొడతడు."

"కేకలు వేసేవాడా?" ఎందుకడిగిందో ధరణికే తెలియదు.

"ఎన్నడు గొంతు లేపలే. తలుపేసి, టీవీ సౌండు పెంచి, మెల్లగ మాట్లాడుకుంట కొడతడు. కొట్టుడు ఎట్లనో ఓర్చుకున్న. ఆయన ఎతుకుడే నాకు భయం. మా అమ్మోళ్లింటికి పోతే మూడో దినం వచ్చిండు. దోస్తు ఇంటికి పోయిన, ఆడికొచ్చిండు. ఎట్లొచ్చినవని అడిగితే నవ్విండు. ఈడికి రాడనుకున్న. రాత్రిళ్లు నిద్ర పడ్తుంది ఇప్పుడిప్పుడే." ఆమె కూతురున్న గది వైపు చూసింది. "ఈసారి దొరికితే పిల్లను తీస్కపోత అన్నడు. నిన్ను ఏం జెయ్య, పిల్లను తీస్కపోత, నువ్వే ఎనకాల వస్తవ్ అన్నడు."

వజ్రమ్మ లేచింది. అరుగు మీద కూలబడ్డ ముసలామె కాదిప్పుడు.

"ఇగ ఇక్కడ ఒక్క గడియ ఉండొద్దు. పూజా, పిల్లవి రెండు జతల బట్టలు, నీ కాయితాలు సంచిల పెట్టు. జల్దీ."

తన ఫోను తనే ఆన్ చేసింది. ధరణి చూస్తుండగానే తన కట్టు తనే తెంచుకుని, ఇంట్లోవాళ్ల పేర్లు పెట్టి తృప్తితో మాట్లాడింది. తృప్తి అప్పుడే కోర్టు హాల్లోంచి బయటికొచ్చి ధరణి మెసేజి చూసిందట. మాటలు రెండు నిమిషాల్లో అయిపోయాయి. తృప్తి తన కారు పంపిస్తోంది. డ్రైవరు అంజయ్య నమ్మకమైనవాడు, ఈ ఇంటికి ఇంతకుముందు వచ్చినవాడే. వచ్చి గేటు ముందు హారన్ కొడతాడు. పూజను, పిల్లను ఎక్కించుకుని సిటీలో వేరే ఆశ్రయానికి చేరుస్తాడు. తృప్తి ఈలోగా పోలీసులను వెంటబెట్టుకుని వస్తుంది.

"అంజయ్య వచ్చేసరికి కొంచెం టైము పడ్తది," అంది వజ్రమ్మ. "అందాక వాడు రావొద్దని మొక్కుకుందాం."

అప్పుడు తట్టింది ధరణికి. తట్టగానే దాని మీద తనకే భయం వేసింది.

"వజ్రమ్మగారూ. వాడు నమ్మేది మన లెక్కలనే కదండీ. లెక్కల్లోనే వేరే ఊరు రాస్తే?"

"అంటే?"

"ఇల్లు గౌడవెల్లికి మార్చామని రాస్తాను. కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టామని. ఇవాళ్టి తేదీతో. వాడు అటు వెళ్తే మనకు కొంత వ్యవధి దొరుకుతుంది."

వజ్రమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "అబద్ధం రాస్తవా నువ్వు?"

ధరణి లోపలికి వెళ్లి చాప మీద కూర్చుని లాప్‌టాపు తెరిచింది. పక్కనే వర్ష నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది. చెంప మీద చాప అచ్చులు పడ్డాయి. ధరణి ఫోన్లోంచి నెట్ కలుపుకుని, కొత్త పద్దు తెరిచింది. ఇన్నేళ్లలో ఒక్క రూపాయైనా ఖర్చు కానిది అయినట్లు రాసిన చేయి కాదది. 'ఇంటి మార్పు. గౌడవెల్లి, రైల్వేస్టేషను దగ్గర. అద్దె ఇంటి అడ్వాన్సు. పూజ, వర్ష ఈ ఉదయం చేరారు.' చదువుకుని, ఒకసారి కళ్లు మూసుకుని, భద్రపరిచే మీట నొక్కింది.

పూజ, వజ్రమ్మ వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. ముగ్గురూ తెర వైపే చూస్తున్నారు. చాలాసేపు ఏమీ కాలేదు. బయట పిండిమర ఆగిపోయింది. మర ఆగాక ఇంట్లో వర్ష ఊపిరి తప్ప ఇంకేం వినిపించడం లేదు.

రఘునందన్ పేరు పక్కన చిన్న పచ్చచుక్క వెలిగింది. ఇంటి ఖర్చుల పేజీ తెరిచారు. కొత్త పద్దు తెరిచారు. కాసేపటికి చుక్క ఆరిపోయింది.

"చదివిండు," అంది పూజ. ఆ మాటను ఊపిరితో పాటు వదిలింది.

వజ్రమ్మ ధరణి భుజం మీద చేయి వేసింది. వచ్చినప్పటి నుంచి ఆమె మెత్తగా ముట్టుకున్నది అదే మొదటిసారి. "పోనీ, పొమ్మను గౌడవెల్లికి. స్టేషన్ కాడ ఇల్లిల్లు తిరగమను," అని, పూజ కేసు కాగితాలు బీరువాలోంచి తీయడానికి లోపలి గదిలోకి వెళ్లింది. పూజ కూతుర్ని లేపకుండానే ఎత్తుకుని భుజాన వేసుకుంది. సంచి ఇంకో చేత్తో పట్టుకుని, కారు రాగానే ఎక్కేందుకు వీలుగా వాకిట్లోకి వెళ్లి నిలబడింది. ధరణికి గుండెల మీది బరువు కాస్త దిగినట్లయింది. మంచినీళ్లు తాగుదామని లేచింది.

ఆమె ఫోన్ మోగింది. తెలియని నంబరు. అంజయ్య దగ్గరికొచ్చానని చెప్పడానికి చేస్తున్నాడేమోనని ఎత్తింది.

"ధరణి మేడమా?" మగ గొంతు. మర్యాదగా, తొందర లేకుండా ఉంది. "మీతోని ఎప్పుడు మాట్లాడలే గని, మీ రాత మస్తు చదివిన. నేను వీరేందర్‌ని."

ధరణి చేయి నీళ్ల చెంబు మీద ఆగిపోయింది.

"ఒక్క సంగతి అడుగుదమని చేసిన మేడం. పరేషాన్ గాకున్రి. గౌడవెల్లి అడ్వాన్సు ఇప్పుడే ఎక్కిచ్చిన్రు గద. దానికి బిల్లు పెట్టలే ఏంది? కొత్తిమీర కట్టకు గూడ చీటీ ఫొటో పెట్టే మనిషి మీరు. ఇంటి అడ్వాన్సుకు రసీదు లేకపాయె. నాకు గమ్మతి అనిపిచ్చింది."

ఆమె చెంబు మీది చేయి తీసి, ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంది.

"మీరు ఫోన్ చేసిన్రని మా సేఠు చెప్పిండు, మీ నంబరు గూడ ఆయనే ఇచ్చిండు. అప్పుడే వచ్చి మీ ఆఫీసు కింద నిలబడ్డ. మీరు స్కూటీ తీసిన్రు, నేను గూడ కారు తీసిన." గొంతులో కోపం లేదు. పని పూర్తి చేసుకున్నవాడి నిదానం ఉంది. "ఈ సందు దాంక మీ బిల్లులు ఎప్పుడో తెచ్చినయ్ మేడం. బడి వ్యాను రాని ఆదివారాలు రెండుసార్లొచ్చి తిరిగి పోయిన. అన్ని ఒక్క తీరు గేట్లే ఉండె. ఏ గేటో సమజ్ గాలే. ఇయ్యాల మీ కోసం తీసిన్రు సూడు, అప్పుడు తెలిసింది."

"వీరేందర్ గారూ," అంది ధరణి. "వినండి, పోలీసులు వస్తున్నారు..."

"రానీయున్రి. నా భార్య, నా బిడ్డ. నేను గుంజుకపోను, పిలుస్త. ఆమెనే వస్తది."

వాకిలి బయట కారు హారన్ మోగింది. ఒకసారి, ఆగి మళ్లీ ఒకసారి. అదే హారన్ ధరణి చెవిలో, ఫోన్లోంచి కూడా మోగింది.

"అంజయ్య అన్న వచ్చిండక్కా," అని వాకిట్లోంచి పూజ కేకేసింది. ఇవాళ మొదటిసారిగా ఆమె గొంతులో కాస్త సంతోషం వినిపించింది. భుజాన నిద్రపోతున్న కూతుర్ని ఒక చేత్తో అదుముకుని, సంచి కింద పెట్టి, అడ్డగడియ తీసి గోడకు ఆనించింది. రెండో గడియ మీద చేయి వేసింది.

ధరణి పరుగెత్తింది. పూజా అని అరవాలని నోరు తెరిచింది. ఎండిపోయిన గొంతులోంచి గాలి తప్ప మరేం రాలేదు. వాకిలి అంత దూరం ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

గడియ కిర్రుమని కదిలింది.